పరదేశములలో మన ఆడువారి రక్షణ

మంగంపేట గనులనుండి బయలుదేఱు ముగ్గురాయికి ఎంతటి సంరక్షణ గలదో ఆ ప్రాంతపు పాఠకులకు మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. గనినుండి వెలికి దీసిన రాతి సాంద్రతను పరీక్షింతురు. అది ఏ తరగతికి చెందినదో నిర్ణయింతురు. తూకము వేసి చీటి వ్రాయుదురు. కొనువాని పేరును చేరవలసిన రేవును కాగితముపై నెక్కించి సాగనంపుదురు. వెలిగొండలలో సొరంగములు తొలిచి వేసిన ఓబులవారిపల్లె - వెంకటాచలము రైలుమార్గము 2019లో ప్రారంభమైనది మొదలు కృష్ణపట్టణపు రేవు మఱింత దగ్గఱయైనది. నేలలోతునుండి నూనెను తోడు దేశములవారు బావిని తొలుచునపుడు లోపలి వాయువు ఎగదన్నకుండ ఈ రాతిపొడిని బురదలో కలిపి నింపుదురు. అందుచేత పడమటి ఆసియాకును, అమెరికాకును మన ముగ్గురాయి కావలసియున్నది. దారిలో సరకు తగ్గినచో అడుగువాడు గలడు, చెడినచో పరిహారమిచ్చువాడు గలడు.

ఆ గనులచుట్టునున్న పల్లెలనుండియే ఆ నూనెదేశములకు ఆడువారును పోవుచున్నారు. ఓబులవారిపల్లె, పుల్లంపేట, పెనగలూరు, చిట్వేలు, కోడూరు, రాజంపేట ప్రాంతములలో కువైటు పేరెరుగని యిల్లు లేదు. వానలు తప్పి, బోరులు ఎండి, అరటితోటయు బొప్పాయితోటయు అప్పు తీర్చలేనపుడు ఇంటి యిల్లాలు పాసుపోర్టు చేతబట్టుట అక్కడ ఆచారమైపోయినది. ఆమె ఏ యింటికి పోవుచున్నదో, ఆ యింటివాని పేరేమో, జీతమెంతయో, అనారోగ్యము కలిగిన నెవరు చూతురో తెలుపు కాగితము ఆమె భర్తవద్దను లేదు, పంచాయతీ కార్యాలయమునను లేదు. రాతికి చీటి గలదు, మనిషికి లేదు.

విదేశములలో స్త్రీల రక్షణ యనగానే మన పట్టణవాసులకు మొదట స్ఫురించునది ఐరోపా. కూతురు లండనునకో, డబ్లిన్‌కో, జర్మనీకో చదువునకై పోవునపుడు తలిదండ్రులు పడు ఆందోళన మేమెరుగుదుము. బస యెక్కడ, రాత్రి రైలు దిగి నడచు వీథి యెట్టిది, తోడుండువారెవరు అని వేయి ప్రశ్నలు వేయుదురు. అడుగుట న్యాయమే. 2023లో లండనులో మన తెలుగుపిల్ల యొకతె తాను బసచేసిన యింటనే కత్తిపోటునకు బలియైనపుడు రెండు తెలుగు రాష్ట్రములును తల్లడిల్లినవి. ఐరోపాయందు ఆడువారికి భయమే లేదని ఎవ్వరును అనజాలరు. ఆ దేశములవారే 2011లో ఇస్తాంబుల్ నగరమున స్త్రీలపై దౌర్జన్యములను నివారించుటకై ఒడంబడిక వ్రాసికొనిరి. భయము లేనిచోట అట్టి ఒడంబడికతో పనియేమి? అయినను, చదువుకొన బోయిన పిల్ల చేతిలో ఆమె పాసుపోర్టు ఆమెకే యుండును. ఐరోపా సంఘ దేశములన్నిట ఎక్కడనుండియైనను 112 అను అంకెను ఫోనున నొక్కి సహాయము కోరవచ్చును. ఆమె గది తాళపుచెవి ఆమెదే. ఇష్టము లేనిచో ఇల్లు మాఱును, రైలెక్కి వేఱొక ఊరికి పోవును. ఆపద వచ్చిన పిమ్మట సహాయము అందునా లేదా యనునది వేఱుమాట. సహాయము కోరుటకు నోరును చేయియు ఆమె స్వాధీనములోనున్నవి.

కోడూరునుండి కువైటునకు పోయిన యింటిపనిమనిషికి ఈ రెండును లేవు. అచ్చటి పద్ధతి ప్రకారము ఆమె ఆ దేశమున నుండుటకు ఆధారము ఒక్క యజమాని పేరు. కఫీలు అను ఆతడు పూచీపడినంతకాలమే ఆమెకు అకామా, అనగా నివాసపు అనుమతి. దెబ్బలకు తాళలేక ఆ యిల్లు విడిచి పారిపోయెనా, ఆమె పారిపోయినదని యజమానియే పోలీసుఠాణాలో ఫిర్యాదు వ్రాయించును. ఆనాటినుండి నేరస్థురాలు ఆమెయే. అట్లు తప్పించుకొని దొంగచాటుగ బ్రతుకువారిని మన సీమవారు ఖల్లివల్లి యని పిలుతురు. ఆ అరబ్బీమాట మన పల్లెల సంతలలో ఆడుమాటయైనదన్న, ఎందఱు ఆ స్థితికి వచ్చిరో ఊహింపవచ్చును.

కువైటీలందఱును క్రూరులని మేమనుటలేదు. అట్లనుట అసత్యము, కృతఘ్నతయు. పదేండ్లు ఒకే యింట పనిచేసి, ఆ యింటి పిల్లలను తమ పిల్లలవలె పెంచి, వారిచ్చిన సొమ్ముతో ఇచ్చట మిద్దె కట్టి, కూతుండ్రకు పెండ్లిండ్లు చేసిన తల్లులు కడపసీమలో వేలకొలది గలరు. కాని మంచి యజమాని దొరకుట అదృష్టమైనపుడు దానిని రక్షణ యనరాదు. తలుపు వెనుక నేమి జరుగుచున్నదో పొరుగువానికైన తెలియని చోట, ఎంత మంచి జాతియందైనను దుర్మార్గులకు అవకాశము చిక్కును.

ఇది అరబ్బుల స్వభావమునుండి పుట్టినదని తలచువారికి ఇంగ్లండు చరిత్రనే చూపుదుము. దొరల కాలమున సీమకు తిరిగిపోవు దొరసానులు పిల్లలను సాకుటకై మన దేశపు ఆయాలను ఓడపై తీసికొనిపోవుచుండిరి. ప్రయాణము ముగియగానే కొందఱు, తిరుగుప్రయాణపు ఖర్చు ఇయ్యకయే, వారిని లండను వీథులలో విడిచిపెట్టిరి. భాష రాదు, చేత సొమ్ము లేదు, చలికి వస్త్రము లేదు. అట్టివారికై ఆ నగరమున ఆల్డ్‌గేట్ ప్రాంతమున ఒక ఆశ్రయగృహము వెలసినది. 1900లో అది హాక్నీలోని కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డునకు మాఱినది. తిరిగి హిందూదేశమునకు పోవు దొరల కుటుంబమేదైనను దొరకి, ఆయాను పనికి కుదుర్చుకొని టిక్కెట్టు కొనువఱకు ఆమె ఆ గృహమున కాచుకొనియుండవలసినదే. 2022లో ఆ భవనమునకు నీలిఫలకము తగిలించి ఆంగ్లేయులు ఆ ఆయాలను స్మరించుకొనిరి. సంతోషమే. కాని అదే ఇంగ్లండు 2012లో, విదేశీయజమానుల వెంట వచ్చు ఇంటిపనివారికి అంతకుముందున్న హక్కును, అనగా యజమానిని విడిచి వేఱొకరివద్ద పనికి చేరు హక్కును, తీసివేసినది. తెలియవచ్చిన బాధలు అధికమై, గొప్ప వాదోపవాదములు జరిగినపిమ్మట 2016లో దానిని కొంతమట్టుకు మాత్రము తిరిగి యిచ్చినది. ప్రజాస్వామ్యమునకు పుట్టినిల్లని చెప్పుకొను దేశముననే వీసాను యజమానికి ముడివేయగానే కువైటు వచ్చి కూర్చున్నది! కనుక దోషము మతమునందు లేదు, జాతియందు లేదు, ముడియందున్నది.

ఈ ముడి మనకును క్రొత్తది కాదు. 1860లో ట్రూరో అను ఓడ మద్రాసు రేవునుండి నేటాలునకు కూలీలను మోసికొనిపోయినది. వారిలో తెలుగువారు అనేకులు గలరు. మారిషసునకును, ఫిజీకిని ఎన్ని ఓడలు పోయెనో! ఒప్పందపుకూలి యనిపించుకొన్న ఆ బానిసత్వమును దేశమునందు తుదకు రగిల్చినది కూలిరేటుల లెక్కలు కావు, స్త్రీల మానభంగపు వార్తలు. 1913లో ఫిజీలో కుంతి యను కూలిస్త్రీ, తోటలోని తెల్ల ఓవర్సీయరు బలాత్కారమునుండి తప్పించుకొనుటకై ఏటిలో దుమికినది. ఆ వార్త భారతమిత్ర పత్రికలో వెలువడినంతట దేశమంతయు అట్టుడికిపోయినది. 1917లో స్త్రీలే ఒక రాయబారముగ వైస్రాయి కడకు పోయి ఆ పద్ధతిని ఎత్తివేయవలసినదని కోరిరి. ఆ యేడే కూలీల ఎగుమతి నిలిచినది. ఓటుహక్కు లేని, పరిపాలన లేని దేశము ఆనాడు అంతపని చేయగలిగెను. ఓడకూలికి ఒప్పందపుకాగితమైనను ఉండెడిదనియు, అందు అయిదేండ్ల గడువు వ్రాసియుండెడిదనియు గుర్తుచేసికొన్నచో, నేటి మన తల్లుల స్థితి సిగ్గు కలిగింపక మానదు.

చట్టములు లేవా యని అడుగుదురేమో. కలవు. కువైటువారే 2015లో 68వ సంఖ్యగల శాసనమును చేసిరి. దినమునకు 12 గంటలకు మించని పని, వారమునకొక సెలవు, సంవత్సరమునకు 30 దినముల జీతపు సెలవు, పని విడుచునపుడు ఏడాదికొక నెల జీతము చొప్పున ముడుపు అందు వ్రాయబడినవి. 2016లో కనిష్ఠ నెలజీతము 60 దీనారులని నిర్ణయించిరి. పాసుపోర్టును యజమాని దాచుకొనరాదనియు ఆ శాసనము చెప్పినది. దాచుకొన్నవానికి శిక్ష యేమో మాత్రము చెప్పలేదు. శిక్షలేని నిషేధము ఎంతపాటిదో పల్లెటూరి కరణమును అడిగినను చెప్పును. మన ప్రభుత్వమువారి 1983 వలసచట్టము ఒకటి గలదు. పదవతరగతి దాటని స్త్రీ ముప్పది యేండ్లు నిండనిదే గల్ఫుదేశములకు పనికై పోరాదని నిబంధన విధించిరి. నర్సులను విడిచి తక్కిన అట్టి స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారముననే పంపవలెనని తరువాత ఏర్పాటు చేసిరి. మన రాష్ట్రమున ఆ పనికై ఓంక్యాప్ అను సంస్థ గలదు. 2021 జూనులో ఇంటిపనివారినిగూర్చి కువైటుతో ఒడంబడికయు కుదిరినది.

ఇన్ని యుండగా ఆమె ఏ దారిన పోవుచున్నది? ప్రభుత్వద్వారము వద్ద ఎవ్వరును కనబడరు. ఏజెంటు మాత్రము ఇంటి అరుగుపై కూర్చుండును. “ఏం భయంలేదక్కా, మన పక్కూరోళ్లే ఆడ శానామంది ఉండారు. పైసా ఖర్చు లేదు. అంతా నేను సూసుకుంటా” అని ఆతడు చెప్పును. ఆ పైసా ఖర్చు లేదనుమాటలోనే విషమున్నది. ఖర్చు లేదన్నచో ఎవడో పెట్టినాడన్నమాట. అచ్చటి యజమాని అచ్చటి ఆఫీసునకు పెద్దమొత్తము కట్టును. అందొక భాగము ఈ ఏజెంటునకు చేరును. అంత సొమ్ము పోసినవాడు పనిమనిషిని కుదుర్చుకొన్నాననుకొనడు, కొన్నాననుకొనును. ఆమె తిరిగి పోదునన్ననాడు, నా సొమ్ము కక్కి పొమ్మనును. పాసుపోర్టు అతని బీరువాలోనికి పోవుటకు మూలమిది. వయసు చాలనిచో పుట్టినతేదీ దిద్దుదురు. తనిఖీ తప్పించుటకు చుట్టపుచూపు వీసాపై మఱొక దేశమునకు బంపి అటనుండి త్రిప్పుదురు. అట్లు పోయిన స్త్రీ మన ప్రభుత్వపు లెక్కలలో వలసవెళ్లనే లేదు. ఆపదవేళ రాయబార కార్యాలయమునకు ఫోనుచేసినను ఆమె యెవరో, ఎక్కడనున్నదో మొదటినుండి వెదకవలసినదే.

ముప్పదియేండ్ల నిబంధనను పెట్టినవారి యుద్దేశము మంచిదే కావచ్చును. కాని ఆకలిగొన్న యింటికి నిషేధము గోడ కాదు. చుట్టు తిరిగిపోవలసిన మలుపు. నేపాళపు ప్రభుత్వమువారును ఇట్టి నిషేధములే పలుమాఱులు విధించి చూచిరి. ఆ దేశపు స్త్రీలు మన ఢిల్లీ, బొంబాయిల మీదుగా పోయిరి. పోవలదనుట సులభము. ధర్మసంరక్షకులమనుకొను మన పెద్దలలో కొందఱికి ఆ మాటయే ఇంపు. స్త్రీ కడలి దాటుటయే తప్పనువారు, దాటి ఆమె పంపిన సొమ్ముతో ఊర స్థలముల ధరలు పెరిగినపుడు తమ సెంట్లు అమ్ముకొనుటకు వెనుదీయలేదు.

2018 ఫిబ్రవరిలో ఫిలిప్పీనుదేశపు పనిమనిషి శవము కువైటులో ఒక యింటి శీతలపేటికయందు దొరకినది. ఆ చిన్నదేశపు ప్రభుత్వము తన పనివారిని పంపుట వెంటనే ఆపివేసినది. మూడునెలలు తిరుగకముందే, మే నెలలో, కువైటు ఒడంబడికకు వచ్చినది. పాసుపోర్టును యజమాని ఉంచుకొనరాదు, సెల్‌ఫోను ఆమెవద్దనే యుండవలెను అని ఆ కాగితమున వ్రాయించుకొన్నారు. అంతటితో బాధలు తీఱలేదు. 2023లో మఱొక హత్య జరుగగా మరల ఆపిరి. అయినను తమ స్త్రీని అడుగుటకు వెనుక ఒక దేశమున్నదని ఆ యింటివానికి తెలిసినది. మన స్త్రీ వెనుక ఎవరున్నారని కువైటుయజమాని అనుకొనుచున్నాడో పాఠకులు ఆలోచింపవలెను.

ఇచట మా పాఠకులతో కొంచెము నిష్ఠురముగ మాటలాడక తప్పదు. భూస్వాములు, వర్తకులు, ఉద్యోగులునైన మీరు ఈ వ్యవహారమునకు వెలుపలివారు కారు. నూటికి రెండో మూడో రూపాయల నెలవడ్డీకి ప్రోనోటు వ్రాయించుకొన్నది మీలోనివారే. ఆ వడ్డీ తఱుగకున్నంతకాలము, దెబ్బలు తినుచున్నను తిరిగివత్తునని ఆమె ఫోనున చెప్పలేదు; చెప్పినను, కొన్నాళ్లు ఓర్చుకొమ్మని ఇంటివారే అందురు. ఏజెంటు మీకు పరిచితుడు. అతని పూచీపై మీరు సంతకము చేసియుందురు. మఱియొకటి: మీ వంటయింట పనిచేయు స్త్రీకి వ్రాతమూలకమైన ఒప్పందమున్నదా, వారమున కొక సెలవున్నదా? ఇంటిపనివారి హక్కులనుగూర్చి 2011లో జెనీవాలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికకు మనదేశము ఓటు వేసినది కాని దానికి బద్ధురాలు కాలేదు. ఇటలీ, జర్మనీలు 2013లోనే అయినవి. 2025 జనవరిలో మన సుప్రీముకోర్టు, ఇంటిపనివారికై చట్టము చేయు విషయమును ఆలోచింపుడని కేంద్రప్రభుత్వమునకు చెప్పవలసివచ్చినది. ఇచ్చట మనము ఇయ్యని కాగితమును అచ్చట ఇమ్మని అడుగునపుడు గొంతు పెగలదు.

అడుగుట మానవలెనని మా భావము కాదు. రెండుచోట్లను అడుగవలెను. స్త్రీ రక్షణ ఆమె విమానము దిగిన దేశమున నిర్ణయమగునని మనము తలచుచున్నాము. నిజమునకు అందు ముప్పాతిక భాగము ఆమె కోడూరులో బస్సెక్కకముందే నిర్ణయమైపోవుచున్నది. యజమాని పేరు, ఇల్లున్న పేట, బ్లాకు, వీథి, ఇంటిసంఖ్య, ఒప్పందపు నకలు, పాసుపోర్టు నకలు, పంపినవాని పేరు, అతనికి అనుమతి గలదో లేదో - ఇవి ఇంట ఒక ప్రతియు, పంచాయతీలో ఒక ప్రతియు నున్నచో, ఫోను రెండు వారములు మ్రోగకపోయిననాడు భర్త దరఖాస్తు ఎచ్చట ఇయ్యవలెనో ఎరుగును. వలసవెళ్లువారికని ప్రభుత్వము పెట్టిన భీమా గలదు; రెండేండ్లకు 275 రూపాయలు చెల్లించినచో ప్రమాదమున మరణించినను, శాశ్వత అంగవైకల్యము కలిగినను పదిలక్షల రూపాయలు. ఒక చీర వెలకన్న తక్కువ. చుట్టపుచూపు వీసాపై పోయినవారికి అదియు లేదు. విదేశములలోనివారి ఫిర్యాదులకై 2015లో మదద్ అను ఏర్పాటు చేసిరి. కోడూరుతాలూకాలో ఎన్ని యిండ్లకు ఆ పేరు తెలియునో ఎవరైన విచారించి చూచిరా?

తల్లి పోయిన యింట మిగిలిన ఆడపిల్లల సంగతి ఇంకొకటి. వారిని బంధువుల పంచన వదలి పోవుచున్నారు. దానినిగూర్చి ప్రత్యేకముగ వ్రాయవలసియున్నది. ఇచట ఇంతమాత్రము చెప్పుదుము. వలసవెళ్లిన తల్లుల బిడ్డలకు ప్రభుత్వ వసతిగృహములలో మొదటి చోటు ఇయ్యవలెను.

ఓంక్యాప్ కార్యాలయమున కూర్చుండి దరఖాస్తులకై ఎదురుచూచుట చాలదు. ఆ సంస్థ మనుష్యులు ఓబులవారిపల్లెకు, పుల్లంపేటకు వచ్చి, ఏజెంటు కూర్చున్న అరుగుమీదనే కూర్చుండి, అతనికన్న ముందుగా ఆమెతో మాటలాడవలెను. నెలకొకతూరి, సంతనాడు వచ్చినను చాలును. అందుకు కావలసిన ఖర్చు పెద్దది కాదు. ఆ మండలముననే ముగ్గురాయి అమ్మకమువలన రాష్ట్రఖనిజసంస్థకు వచ్చు రాబడిలో లెక్కకు రానంతటిది.

1983 చట్టమునకు మాఱుగ నొక క్రొత్త చట్టము తేదలచి కేంద్రప్రభుత్వమువారు 2025లో ముసాయిదాను ప్రకటించి ప్రజాభిప్రాయమును కోరిరి. కడపసీమ ప్రతినిధులలో ఎవరెవరు, ఇంటిపనికై పోవు స్త్రీలనుగూర్చి, ఏయే సూచనలను వ్రాసి పంపిరో తమ నియోజకవర్గములవారికి తెలియజేయవలసినదని కోరుచున్నాము.